నడిసంద్రాన పిల్లల సాయంకాలం

ప్రబంధంలో పద్దెనిమిది వర్ణనలు ఉండాలని మన ఆలంకారికులు నిర్దేశించారు. ఆ పద్దెనిమిదింటిలో సముద్రం ఒకటి, కుమారోదయం మరొకటి. కవులు సముద్రాన్ని ఒక ఘట్టంలోనూ పసిబిడ్డను వేరొక ఘట్టంలోనూ వర్ణించారు. ఆ రెండింటినీ ఒకే చోట, ఒకే సాయంకాలాన చూసే అవకాశం కొన్నేళ్ళ క్రితం నాకు కలిగింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, అల్లుడు సెలవులలో మా దంపతులను వెంటబెట్టుకొని విహారనౌక ఎక్కారు. ఫ్లోరిడా రాష్ట్రంలోని పోర్ట్ కెనావెరాల్ రేవులో బయలుదేరి, బహామా దీవులను చూపించి, నాలుగు రాత్రుల తరువాత మళ్ళీ అదే రేవుకు చేర్చే యాత్ర అది. నీలిసముద్రాన్నీ తెల్లని ఇసుక తిన్నెలనూ తనివితీరా చూశాను. అయినా తిరిగివచ్చిన తరువాత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఓడలో పిల్లల కోసం ప్రతి సాయంకాలమూ నడిచే కార్యక్రమం. ఆరేళ్ళ మా మనుమడు నాలుగు సాయంకాలాలలో మూడింటిని అక్కడే గడిపాడు. అది మేలా, కీడా అన్న ప్రశ్న మా కుటుంబంలో చిన్న వివాదానికే దారితీసింది. ఆ వివాదంలో ఉభయపక్షాలు చెప్పినదీ, నాకు తోచినదీ ఇక్కడ విన్నవిస్తాను.

విహారనౌకలు ఒకప్పుడు పెద్దల విలాసం. సంపన్నులైన వృద్ధులకూ కొత్త దంపతులకూ మాత్రమే అవి పరిచితాలు. 1972లో కార్నివాల్ సంస్థ మయామీ నుంచి తన మొదటి ఓడను నడిపింది. 1977లో అమెరికన్ టెలివిజన్‌లో ‘ది లవ్ బోట్’ అనే ధారావాహిక మొదలై, ఓడప్రయాణం మీద సామాన్యులకు మోజు పెంచింది. క్రమంగా మధ్యతరగతి ఓడ ఎక్కింది. మధ్యతరగతి కదిలిందంటే పిల్లాజెల్లాతో కదులుతుంది కదా! 1998లో డిస్నీ సంస్థ ‘డిస్నీ మ్యాజిక్’ అనే ఓడను ముఖ్యంగా కుటుంబాలను ఉద్దేశించి ప్రారంభించింది. 2024 జనవరిలో మయామీ నుంచి తొలియాత్ర చేసిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే ఓడలో 7,600 మంది ప్రయాణికులు పడతారు. అందులో చిన్నపిల్లలున్న కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక పేటనే నిర్మించారు. ఈ యాభై ఏళ్ళలో పిల్లలు ఓడకు అదనపు సామాను స్థాయి నుంచి ముఖ్య అతిథుల స్థాయికి ఎదిగారని చెప్పవచ్చు.

ఈ ఓడలలో పిల్లల కార్యక్రమాలు నడిచే తీరు తెలుసుకోదగినది. సాధారణంగా మూడేళ్ళు నిండిన పిల్లలను చేర్చుకొంటారు. మరుగుదొడ్డి అలవాటు అయి ఉండాలన్నది చాలా ఓడలలో నియమం. అంతకంటె చిన్నవారికి వేరే శిశుగృహం ఉంటుంది. దానికి గంటల లెక్కన రుసుము చెల్లించాలి. పెద్దపిల్లలను వయసును బట్టి జట్లుగా విభజిస్తారు. రాయల్ కరీబియన్ సంస్థ తన బాలవిహారానికి ‘అడ్వెంచర్ ఓషన్’ అనీ, కార్నివాల్ సంస్థ ‘క్యాంప్ ఓషన్’ అనీ పేర్లు పెట్టుకొన్నాయి. పిల్లవాణ్ణి తొలిరోజున నమోదు చేసి, మణికట్టుకు ఒక పట్టీ కడతారు. ఓడకు ప్రమాదం సంభవిస్తే ఆ కుటుంబం చేరవలసిన స్థలం సంఖ్యను అటువంటి పట్టీ మీద గుర్తించడం అనేక ఓడలలో ఆచారం. తల్లిదండ్రులు పేరు నమోదు చేయించినవారికి తప్ప మరెవరికీ చిన్నపిల్లలను అప్పగించరు. బొమ్మలు వేయడం, నాటకాలు ఆడించడం, చిన్న చిన్న విజ్ఞానశాస్త్ర ప్రయోగాలు చేయించడం, దొంగల నిధిని వెదికించడం వంటి వినోదాలు గంట గంటకూ మారుతూ ఉంటాయి. ఏ గంటకు ఏది జరుగుతుందో ముందుగానే ప్రకటిస్తారు.

ఈ కార్యక్రమాలన్నింటిలోనూ సాయంకాలపు వేళకే ప్రాధాన్యం ఎక్కువ. దానికి కారణం ఓడ దినచర్యలోనే ఉంది. ఓడ ఎక్కువగా రాత్రిపూట ప్రయాణం చేసి పగలు రేవులో ఆగుతుంది. పగలంతా కుటుంబం ఒక్కటిగా ఒడ్డున తిరుగుతుంది. సూర్యుడు వాలగానే అందరూ ఓడకు చేరుకొంటారు. అప్పుడు భోజనశాలలు, రంగస్థలం, సంగీతం, పానశాలలు, దుకాణాలు కళకళలాడతాయి. తీరం దాటి అంతర్జాతీయ జలాలలో ప్రవేశించిన తరువాత జూదశాల తలుపులు తెరుచుకొంటాయి. వీటిలో కొన్నింట పిల్లలకు ప్రవేశం లేదు. కొన్నింట వారు కూర్చోలేరు. తెల్లవారు తీరిగ్గా చేసే రాత్రి భోజనం గంటన్నర సాగుతుంది. ఆరేళ్ళ బాలుడు పావుగంటలో తినడం ముగించి, తక్కిన గంటంబావు బల్ల కింద గడుపుతాడు. ఈ సంగతి గ్రహించిన సంస్థలు భోజనం మధ్యలోనే సిబ్బందిని పంపి, పిల్లలను బాలవిహారానికి తీసుకుపోయే ఏర్పాటు కూడా చేశాయి. రాత్రి పది గంటల వరకు చాలా ఓడలలో దీనికి విడిగా రుసుము లేదు. పది దాటితే కొన్ని సంస్థలు గంటకు ఇంత అని వసూలు చేస్తాయి. డిస్నీ ఓడలలో అర్ధరాత్రి వరకు రుసుము లేకుండా పిల్లలను ఉంచవచ్చు.

ఇందులో సంస్థల లాభం ఉందనడంలో సందేహం లేదు. పిల్లల చింత లేని తల్లిదండ్రులు ఓడలో ఎక్కువ ఖర్చు చేస్తారు. అయితే లాభం ఉన్నంత మాత్రాన ఒక ఏర్పాటును నిందించడం న్యాయం కాదు. దానివల్ల పిల్లలకు జరిగేది ఏమిటన్నదే మనం విచారించాలి.

మొదటి సాయంకాలం మా ఇల్లాలు ఈ ఏర్పాటును గట్టిగా వ్యతిరేకించింది. “అమ్మమ్మా తాతయ్యా ఎదురుగా ఉండగా పిల్లవాణ్ణి ముక్కూ మొహం తెలియనివాళ్ళకు అప్పగించడం ఏం మర్యాదే?” అని అడిగింది. “అమ్మా, వాడికి తోటిపిల్లలు కావాలి. ఇంటి దగ్గర వాడు ఒక్కడే కదా!” అని మా అమ్మాయి సమాధానం. ఆ రాత్రి తొమ్మిది గంటలకు బాలవిహారం నుంచి కబురు వచ్చింది. పిల్లవాడు బెంగపెట్టుకొని ఏడుస్తున్నాడని దాని సారాంశం. అల్లుడుగారు పరుగున వెళ్ళి తీసుకొనివచ్చారు. “నేను చెప్పలేదా?” అన్నట్లు మా ఇల్లాలు కూతురి వంక చూసింది. కాని మరునాడు సాయంకాలం ఆ పిల్లవాడే మా అందరికంటె ముందు చెప్పులు తొడుక్కొని తలుపు దగ్గర నిలుచున్నాడు. క్రితం రాత్రి మొదలుపెట్టిన అట్టముక్కల కోట సగంలో ఆగిపోయిందట! దానిని పూర్తి చేయాలట! ఆ రాత్రి వాణ్ణి తీసుకురాబోతే “అప్పుడే ఎందుకు వచ్చారు?” అని కోపగించుకొన్నాడు. ఒక్కరోజులోనే మా ఇల్లాలి వాదం సగం వీగిపోయింది.

నిజానికి తోటిపిల్లల సాంగత్యం పెద్దల ప్రేమ ఇవ్వలేని కొన్నింటిని ఇస్తుంది. ఈ సంగతి మన పురాణకర్తలకు తెలియనిది కాదు. గురువులు గృహకృత్యాలలో మునిగి దగ్గర లేని సమయం చూసుకొనే కదా ప్రహ్లాదుడు తన సహాధ్యాయులను చుట్టూ కూర్చోబెట్టుకొని హరిభక్తిని బోధించాడు! పోతన భాగవతంలో గోపబాలకులు వనభోజనం చేసే ఘట్టాన్ని తెలుగువారు ఎన్ని తరాలుగానో మురిసిపోతూ చదువుకొంటున్నారు. అక్కడ నందుడు లేడు, యశోద లేదు. తోటిపిల్లలు, చల్దిమూటలు, యమునాతీరం మాత్రమే ఉన్నాయి. పెద్దల చూపు సోకని ఆ కాసేపటిలోనే పిల్లలు పంచుకోవడం, పోట్లాడుకోవడం, మళ్ళీ కలిసిపోవడం నేర్చుకొంటారు. అమెరికాలో విడి ఇళ్ళలో, ఒక్కరిద్దరుగా పెరుగుతున్న మన పిల్లలకు ఈ అవకాశం అపురూపమైనది. మన నగరాల అపార్టుమెంట్లలో పెరిగే పిల్లల పరిస్థితి కూడా ఇందుకు ఎక్కువ భిన్నంగా లేదు.

పెద్దల పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. మన చిన్ననాటి సాయంకాలాలను తలచుకొని మనం పరవశించిపోతాం. ఆ సాయంకాలాలలో అమ్మ ఎక్కడ ఉండేదో మాత్రం గుర్తుచేసుకోం. ఆమె పొయ్యి దగ్గర ఉండేది. అందరికీ వడ్డించి, ఆఖరున తాను తిని, వంటిల్లు కడిగి పడుకొనేది. ఆమెకు సాయంకాలం అన్నది లేదు. భర్తతో ఒక గంట తీరికగా మాట్లాడుకొన్న గృహిణి ఆ తరంలో అరుదు. పిల్లలకు కథలు చెప్పి నిద్రపుచ్చే పని నాయనమ్మలదో, అమ్మమ్మలదో అయ్యేది. నాలుగు రాత్రులపాటు వంటా వడ్డనా లేకుండా, భర్తతో కలిసి సంగీతం వింటున్న మా అమ్మాయి ముఖంలో కనిపించిన తేటదనాన్ని నేను మరచిపోలేను. ఆమెను తప్పుపట్టే అధికారం నా తరం పురుషులకు అసలే లేదు.

ఇంతవరకు నేను ఆ ఏర్పాటు పక్షాన్నే వాదించాను. ఇక మూడవ రాత్రి జరిగినది చెప్పాలి.

ఆ రాత్రి రంగస్థలం మీద ప్రదర్శన ఆలస్యంగా ముగిసింది. పిల్లవాణ్ణి తెచ్చే పని నాకు ఒప్పగించారు. నేను వెళ్ళేసరికి దాదాపు పదకొండు అయింది. బాలవిహారంలో దీపాలు తగ్గించారు. గోడకు ఏదో చలనచిత్రం ఆడుతోంది, చూసేవారు లేరు. పది పన్నెండు మంది పిల్లలు పలుచని పరుపుల మీద ఎవరి దిక్కుకు వారు తిరిగి నిద్రపోతున్నారు. మావాణ్ణి భుజాన వేసుకొని పొడవైన నడవాలో మా గదివైపు నడుస్తుండగా వాడికి సగం మెలకువ వచ్చింది. “తాతయ్యా, ఇవాళ ఏమైందో తెలుసా? మా కోట మీదికి...” అని మొదలుపెట్టాడు. మాట పూర్తికాకుండానే మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు. తెల్లవారి ఫలహారం దగ్గర “రాత్రి కోట మీదికి ఏం వచ్చిందిరా?” అని అడిగాను. వాడు నా వంక వింతగా చూసి, “ఏమో, గుర్తులేదు” అన్నాడు. అప్పటికే ఆ రోజు దిగబోయే దీవి మీదికి వాడి మనసు పరుగెత్తింది.

అది పెద్ద విషాదమేమీ కాదు. కాని ఆ అసంపూర్ణ వాక్యం నన్ను వదలలేదు. భాగవతంలో అఘాసురవధ తరువాతి కథ గుర్తుకు వచ్చింది. బ్రహ్మదేవుడు గోపబాలకులను మాయచేసి దాచగా ఏడాది గడిచింది. బాలకులకు మాత్రం అది క్షణకాలంగానే తోచింది. వారు మందకు తిరిగివచ్చి, కృష్ణుడు పెనుబామును చంపిన వార్తను అదేదో ఆ రోజే జరిగినట్లు చెప్పుకొన్నారు. ఆటలో మునిగిన బాలునికి కాలం తెలియదని చెప్పే అందమైన కథ ఇది. దీనిలో నేను ఇన్నేళ్ళూ గమనించని విశేషం మరొకటి ఉంది. ఎంత గొప్ప సాహసం జరిగినా, పిల్లలు ఇంటికి వచ్చి చెప్పుకొన్న తరువాతనే అది పూర్తి అయింది. అడవిలో ఆట తోటివారితో. సాయంకాలం ఆ ఆట కథ ఇంటివారితో. గోకులంలో ఈ రెండింటికీ చోటు ఉంది. ఓడలో రెండవదానికి చోటు చాలలేదు. పగలు తల్లిదండ్రులతో, రాత్రి తోటివారితో గడిపిన పిల్లవాడికి తోటివారి ముచ్చట చెప్పుకొనేందుకు ఇంటివారు మేలుకొన్న వేళ మిగలలేదు.

వినోదాన్ని వయసుల వారీగా పంచడం గురించి కూడా ఆలోచించాలి. మన తోలుబొమ్మలాట రాత్రివేళ ఆడేది. ఊరంతా ఒకే తెర ముందు కూర్చొనేది. రామాయణ భారత కథలు పెద్దల కోసం సాగుతుండగా, మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి పిల్లలను నవ్వించేవారు. పిల్లలు తల్లుల ఒడిలో నిద్రపోయి, హాస్యం వచ్చినప్పుడు లేచేవారు. పెద్దల కథ కొంత పిల్లల చెవిని పడేది. పిల్లల నవ్వు పెద్దలకు అంటుకొనేది. బుర్రకథ, వీధినాటకం కూడా అటువంటివే. ఓడలలోనూ అన్ని వయసులవారు కలిసి చూసే ప్రదర్శనలు కొన్ని లేకపోలేదు. కాని రెండేళ్ళకు ఒక జట్టు, మూడేళ్ళకు ఒక గది చొప్పున మనుషులను విడదీసే పద్ధతిదే అక్కడ పైచేయి. తన ఈడువారితో తప్ప కూర్చోలేని బాలుడు, పెద్దవాడైన తరువాత ముసలివారి పక్కన కూర్చోగలడా అన్నది నా సందేహం.

ఈ ప్రసంగంలో మనం సాధారణంగా మరచిపోయేవారు మరికొందరు ఉన్నారు. మా మనుమణ్ణి చూసుకొన్న యువతి ఫిలిప్పీన్స్ దేశస్థురాలు. ఆమెకు నాలుగేళ్ళ కొడుకు ఉన్నాడు. వాణ్ణి తల్లి దగ్గర విడిచి ఓడ ఎక్కింది. ఓడ ఉద్యోగుల ఒప్పందాలు తరచుగా ఆరు నుంచి తొమ్మిది నెలల వరకు ఉంటాయి. ఓడ రేవులో ఆగి తనకు కాస్త తీరిక దొరికినప్పుడు ఫోనులో కొడుకును చూసుకొంటానని ఆమె మా ఇల్లాలితో చెప్పింది. నావికుల శ్రమను గురించి 2006లో కుదిరి 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఒకటి ఉంది. భారతదేశం 2015లో దానిని ఆమోదించింది. పనిగంటల పరిమితిని పాటించే చోట, ఏ 24 గంటలలోనూ 14 గంటలకు మించి, ఏ 7 రోజులలోనూ 72 గంటలకు మించి పని చేయించరాదని అది చెబుతుంది. పరిమితే అంత పెద్దదైతే వారి శ్రమ ఎంతటిదో ఊహించవచ్చు. మన సాయంకాలం హాయిగా గడవడానికి మరొక తల్లి తన బిడ్డ సాయంకాలాన్ని విడిచిపెట్టింది. ఒకనాడు అమ్మమ్మ జీతం లేకుండా చేసిన పనిని నేడు ఆమె జీతానికి చేస్తున్నది. జీతం ఇచ్చాం కదా అని ఆ ఋణం పూర్తిగా తీరిపోయిందనుకోవడం పొరపాటు.

ఈ విషయాలన్నీ పరిశీలించిన మీదట నా అభిప్రాయం ఇది. సాయంకాలపు బాలవిహారాన్ని వద్దనవలసిన పని లేదు. దానికి హద్దు ఏర్పరచుకోవలసిన బాధ్యత మాత్రం తల్లిదండ్రులది. పిల్లవాడు ఇష్టపడి వెళ్ళాలి. ఏడ్చేవాణ్ణి అలవాటు పేరిట విడిచిపెట్టరాదు. తీసుకొనివచ్చే వేళకు వాడు మేలుకొని ఉండాలి. నిద్రకు ముందు అరగంట ఇంటివారిదిగా ఉండాలి. ఆ అరగంటలో కథ మనం చెప్పకపోయినా ఫరవాలేదు. వాడు చెప్పేది వినాలి. యాత్రలో ఒక రాత్రి అయినా చిన్నా పెద్దా అందరూ ఒకే చోట కూర్చొని ఒకే వేడుకను చూడాలి. చివరిగా, మన బిడ్డను చూసుకొన్నవారిని పేరుపెట్టి పలకరించి కృతజ్ఞత తెలపడం బిడ్డకు నేర్పాలి.

నాలుగవ రాత్రి మేము అలాగే చేశాం. భోజనం కాగానే పిల్లవాణ్ణి బాలవిహారానికి పంపకుండా అందరం పై అంతస్తుకు వెళ్ళాం. గాలి బలంగా వీస్తోంది. చీకటిలో సముద్రం కనిపించడం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మొదట వాడు విసుక్కొన్నాడు. కాసేపటికి అమ్మమ్మ ఒడిలో తలపెట్టుకొని తన కోట సంగతి ఎత్తుకొన్నాడు. మరచిపోయాననుకొన్న కథ ఎక్కడినుంచో తిరిగివచ్చింది. కోట మీదికి దండెత్తింది ఒక పెద్ద పీత అట! ఆ పీతకు కాళ్ళు ఎన్ని అన్న విషయం మీద వాడికీ మా ఇల్లాలికీ చాలాసేపు వాదం జరిగింది. మా అమ్మాయి ఆ రాత్రి సంగీతసభకు వెళ్ళలేదు. వెళ్ళలేకపోయానన్న బాధ ఆమెలో నాకు కనిపించలేదు.

ఈ విషయం అమెరికా ప్రవాసులకే పరిమితం కాదు. 2021లో ముంబయి నుంచి కార్డీలియా సంస్థ విహారనౌక తిరగడం మొదలైంది. 2022 జూన్‌లో ఆ ఓడ విశాఖపట్టణానికి వచ్చింది. రేపు మన పిల్లలు కూడా అటువంటి ఓడలు ఎక్కుతారు. ఓడ ఎక్కకపోయినా ప్రశ్న మారదు. ట్యూషన్, టెలివిజన్, చరవాణి మన ఇళ్ళలోనే సాయంకాలాలను గదుల వారీగా పంచుతున్నాయి.

విద్యార్థులారా! ఆ ఓడలలో మీ ఈడువారిని పట్టీ కట్టి కూర్చోబెట్టరు. వారు తమ విడిదికి తామే వచ్చి, తామే వెళ్ళిపోవచ్చు. ఎప్పుడు వెళ్ళాలో, ఎప్పుడు రావాలో నిర్ణయించుకొనే వయసు మీది. స్నేహితులతో గడపండి; అది మీ హక్కు. రాత్రి ఇంటికి చేరిన తరువాత ఆనాటి ముచ్చట ఒక్కటైనా అమ్మకో, నాన్నకో, తాతకో చెప్పండి. వినడానికి వారు మేలుకొనే ఉంటారు.